బోణీ ప్రశ్న

మొన్న మా ఇంటికి కొత్త కరెంటు మీటరు బిగించడానికి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. పని అయ్యాక సంచిలోంచి ఒక ఫారం తీసి, గోడకు ఆనించి నింపడం మొదలుపెట్టాడు. మొదటి గడిలో లైసెన్సు నంబరు రాయాలట. అది అతనికి గుర్తు రాలేదు. క్షణమైనా ఆలోచించకుండా ఆ గడిని ఖాళీగా వదిలేసి, రెండో గడి నుంచి చకచకా కింది దాకా నింపేసి, ఆఖరున తీరిగ్గా ఫోనులో నంబరు వెతికి పైన రాశాడు. నాకు నవ్వు ఆగలేదు. పాపం, తన చొక్కా గుండీలు సరిగ్గా ఉన్నాయా లేదా అని ఒకసారి చూసుకున్నాడు. పక్కన కుర్చీలో పేపరు చదువుతున్న మా ఆయన మాత్రం పేపరు దించి, "గదొక్క పని నేర్చుకునేతందుకు నాకు మూడేండ్లు పట్టింది" అన్నారు.

నేను మానుకోట దాన్ని. రైల్వే బోర్డు మీద మహబూబాబాద్ అని ఉంటుంది గాని, మా పుట్టింట్లో ఎవరూ ఆ పేరు పలకగా నేను వినలేదు. డెబ్బైల చివర్లో, డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా జనగామ కోడలినై వచ్చాను. అత్తవారిది వ్యాపారం. వీధి వైపు ఒకటే పొడవాటి గది. ఎడమ సగం మా మామ కిరాణా కొట్టు, కుడి సగం మా ఆయన కరెంటు సామాన్ల దుకాణం. మధ్యలో గోడ లేదు, బెల్లం బుట్టల వరసే సరిహద్దు. అందుకని మా తీగ చుట్టలకు ఇంగువ వాసన, కందిపప్పుకు కొత్త తీగ వాసన వచ్చేవి. మా ఆయన ఓరుగల్లులో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివారు. అరవై తొమ్మిదిలో చేరీ చేరగానే తెలంగాణ ఉద్యమం వచ్చి కాలేజీలు మూతపడ్డాయి. ఊరేగింపుల్లో అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని ఇంటికొస్తే మా అత్తమ్మ మిరియాల పాలు కాచి ఇచ్చిందట. చదువులో ఒక ఏడాది అట్లా పోయింది. ఏడాది పోగొట్టుకున్న మనిషికి నిమిషాల విలువ బాగా తెలిసి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. నేనూ అట్లా అనుకునే పెళ్లి చేసుకున్నాను.

ఆ రోజుల్లో చుట్టుపక్కల ఊళ్లలో బావుల మీద మోటార్లు ఒకటొకటిగా దిగుతున్నాయి. రైతు మా దుకాణంలో మోటారు కొంటే, మా ఆయన సైకిలు మీద పోయి బోర్డు, స్టార్టరు బిగించి, ఎర్తు గుంత తవ్వించి, తీగ లాగి వచ్చేవారు. పని బంగారంలా చేసేవారు. కానీ కరెంటు ఇవ్వాలంటే పని సరిగ్గా ఉందని లైసెన్సున్న సూపర్వైజరు సంతకం పెట్టాలి. మా ఆయన చెయ్యి పనికొచ్చేది, ఆ చేతి సంతకం పనికొచ్చేది కాదు. హనుమకొండలో ఒక పెద్దమనిషి కొన్నాళ్లు పెట్టి ఇచ్చారు గాని, ఒకరు చేసిన పనికి నేను పూచీ పడలేనని న్యాయంగానే మానుకున్నారు. ఇక లైసెన్సు పరీక్ష తనే పాసు కావాలి. నేను కాపురానికి వచ్చేసరికి రెండుసార్లు రాశారు, రెండుసార్లూ పోయింది. మూడోసారికి రెండు నెలలుందనగా మా మామ భోజనాల దగ్గర తేల్చి చెప్పేశారు. "ఈసారి గిట్ట పోయిందనుకో, తీగలన్ని అటకెక్కించి నా పక్కన గల్లా కాడ కూసో. ఉప్పు అమ్మనీకి ఎవని దస్తకతు అక్కెర లేదు."

అంతకంటే గట్టిగా గుచ్చుకునే మాట ఇంకొకరిది. ఊరవతల తండా నుంచి ఒక అక్క ప్రతి అంగడి రోజూ వచ్చేది. ఎకరన్నర మిరపతోట కోసం మా దగ్గర మోటారు కొన్నది. మా ఆయన బిగించి వచ్చారు కూడా. సంతకం లేక మోటారు బావి గట్టు మీద గోనెపట్టా కప్పుకుని కూర్చుంది. ఆమె మా మెట్టు మీద కూర్చుని, నీళ్లు తాగి అడిగేది.

"సేటూ, దస్తకతయ్యిందా?"

"ఇంకా కాలే అక్కా. జర ఆగు."

"నేనాగుత సేటూ. నా మిరపచెట్లు ఆగుతయా?"

వెంట వచ్చిన బిడ్డతో తమ తండా భాషలో ఏదో అని ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. ఆ మాటలు మాకు అర్థమయ్యేవి కావు గాని, మా గురించేనని మాత్రం తెలిసేది. ఆమె వెళ్లాక మా ఆయన సర్దిన తీగ చుట్టలనే మళ్లీ మళ్లీ సర్దేవారు. నన్ను చూసినప్పుడు మాత్రం ధైర్యం తెచ్చుకుని, "లైసెన్సు రానియ్యి, నిన్ను కాళేశ్వరం తీస్కపోత" అనేవారు. మా పెళ్లయ్యాక ఆయన నాకిచ్చిన మొదటి మాట అది.

చదువు భారం నేను నెత్తికెత్తుకున్నాను. పొద్దున్నే ఐదింటికి మొదలుపెడితే ఎనిమిదింటికి దుకాణం తెరవాలి. సరిగ్గా మూడు గంటలు, పరీక్షా మూడు గంటలే. ఆరు ప్రశ్నలు, ఆరూ రాయాలి. పాత పేపర్లు సంపాదించి కాగితం మీద ఎక్కించి ఇచ్చేదాన్ని. చేతి గడియారం పెట్టుకుంటే రెండు నిమిషాలకోసారి ముల్లు చూసుకుని పరేషాన్ అయ్యేవారు. అందుకని ఊదుబత్తి ఉపాయం కనిపెట్టాను. మా కొట్లో అమ్మే పొడవాటి బత్తి అరగంట కాలుతుంది. ప్రశ్నకొక బత్తి చొప్పున ఆరు బత్తులు. బత్తి ఆరిపోతే ఆ ప్రశ్న ఆపేసి ముందుకు పోవాలన్నది నేను పెట్టిన నియమం. ఫ్యాను తిరిగితే బత్తి తొందరగా కాలేది. ఆయన లేచి ఫ్యాను కట్టేసి, "నీ ఫ్యాను నా టైమంత తింటున్నది" అనేవారు. పరీక్ష హాల్లో ఎవరూ దయ చూపించరని నేను మళ్లీ వేసేదాన్ని. ఇంట్లోంచి పొద్దుటే అంత పొగ, అంత పరిమళం వస్తుంటే, కొడుక్కి ఉన్నట్టుండి భక్తి కుదిరిందని మా అత్తమ్మ వాడంతా చెప్పుకుని మురిసిపోయింది. ఆమెను నిరాశపరచడం ఇష్టం లేక మేమిద్దరం ఊరుకున్నాం.

కానీ నాలుగు రోజులు గడిచినా ఆట సాగలేదు. మొదటి బత్తి ఆరిపోయేది, రెండోదీ ఆరిపోయేది, మూడోది సగానికొచ్చేది, ఆయన ఒకటో ప్రశ్న మీదే ఉండేవారు. ఒక రోజు ఎర్తు నిరోధం లెక్క పడింది. అంకెల్లో ఎక్కడో తప్పు దొర్లింది. కొట్టేస్తారు, రాస్తారు, మళ్లీ కొట్టేస్తారు. కింద ఐదు ప్రశ్నలు, అన్నీ ఆయనకు కొట్టిన పిండే, నోరెళ్లబెట్టి చూస్తున్నాయి.

"దాన్ని ఇడ్సిపెట్టి రెండోది రాయుండ్రి" అన్నాను.

ఆయన నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. చేయరాని పని చేయమన్నట్టు చూశారు. "ఒకటోదాన్ని ఎట్ల ఇడ్సిపెడత? బోణీ గదా!"

అప్పుడు తెలిసింది రోగమెక్కడుందో. పొద్దున్నే వచ్చిన మొదటి గిరాకీని ఉత్త చేతులతో పంపకూడదని, పంపితే ఆ రోజు బేరాలు సాగవని పాలతో పాటు తాగి పెరిగిన మనిషి. మొదటి గిరాకీ ఎంత మొండివాడైనా, గంటసేపు బేరమాడినా, కాళ్లావేళ్లా పడైనా సరుకు చేతిలో పెట్టాల్సిందే. అంతకుముందు రెండు పరీక్షల్లోనూ ఒకటో ప్రశ్న దగ్గరే గంటన్నర కూర్చున్నారట. రెండుసార్లూ దాన్ని సాధించే లేచారట. ఆ మాట గర్వంగానే చెప్పారు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. అక్కడ మిరపచెట్లు వాడిపోతున్నాయి, ఇక్కడ ఈయన ప్రశ్నపత్రానికి బోణీ చేస్తున్నారు.

మా అత్తమ్మ వాకిట్లో చేటతో బియ్యం చెరుగుతూ అంతా విన్నది. ఎనిమిదింటికి కొట్టు తెరిచి, "ఇయ్యాల అంగడి. ఓ గంట నా పక్కన కూసోని చూడురా" అని కొడుకుని పిలిచింది. మొట్టమొదట వచ్చినాయన పెళ్లికని బెల్లం అడిగాడు. ముద్దలన్నీ వేలితో నొక్కి చూసి, రంగు బాలేదని, ధర ఎక్కువని మొదలుపెట్టాడు. అత్తమ్మ అతనికి పీట వేసి, చెంబుతో నీళ్లిచ్చి, "కూసో బిడ్డా, నీదే జూస్త" అన్నది. అని ఇటు తిరిగి, అగ్గిపెట్టె కోసం వచ్చిన ముసలామెకు అగ్గిపెట్టె ఇచ్చి, ఆమె ఇచ్చిన నాణెం కళ్లకద్దుకుని గల్లాలో వేసింది. తర్వాత ఉప్పు, తర్వాత చింతపండు. పది మంది వెళ్లాక బెల్లం ఆయన వైపు తిరిగితే, అతను నీళ్లు తాగి, చల్లబడి, తనే ఒక మెట్టు దిగి వచ్చాడు.

మా ఆయన నోరు తెరిచారు. "గదేందే అవ్వా? ముందుగాల వచ్చింది బెల్లపాయన గదా, అగ్గిపెట్టెతోని బోణీ ఎట్ల జేస్తవు?"

"బోణంటే ముందుగాల వచ్చినోడు గాదురా, ముందుగాల తెగిన బేరం. తెగనోన్ని పొమ్మనద్దు, కూసోమను. మూతేసే ముందుగాల మల్ల జూస్కో, ఎవలన్న కూసున్నరా అని. గింత చదివినవ్, గిది తెల్వదా?"

మర్నాటి నుంచి మా ఇంట్లో పరీక్ష శాస్త్రం మారిపోయింది. ముందు పేపరంతా చదవాలి. చెయ్యి తిరిగిన ప్రశ్నతో బోణీ చేయాలి. మొండికేసినదానికి రెండు పేజీలు పీటలాగా వదిలి "కూసో" అనాలి. ఆయన నిజంగానే పైకి అనేవారు, అంటే గాని చెయ్యి ముందుకు కదిలేది కాదు. వారం తిరిగేసరికి ఆరు ప్రశ్నలూ ఐదున్నర బత్తుల్లో పూర్తయ్యాయి, అదీ ఫ్యాను తిరుగుతుండగా.

పరీక్ష పట్నంలో. తెల్లవారు బండికి బయల్దేరుతుంటే అత్తమ్మ పెరుగు చక్కెర నోట్లో పెట్టి, జేబులో ఒక అగ్గిపెట్టె వేసింది. నేను గడపలో నిలబడి ధైర్యంగానే చెయ్యి ఊపాను గాని, ఆ రోజంతా చేసిన ప్రతి పనీ రెండుసార్లు చేశాను. కూరలో ఉప్పు కూడా. సాయంత్రం బండి దిగి వచ్చి, చెప్పులైనా విప్పకుండా మెట్టు మీద కూలబడి ఆయన చెప్పిన సంగతి ఇది.

పేపరు చేతికి రాగానే ఒకటో ప్రశ్నను చదవకుండానే కూర్చోబెట్టారట.

"చదవకుంటనేనా?" అన్నాను.

"చదివితె మనసు ఊకుంటదా?"

రెండోదానితో బోణీ చేశారు. అన్నీ చకచకా సాగాయి. ఆఖరి జవాబు ముగించి, పెన్ను మూత పెట్టి, గెలిచినంత సంబరంగా లేచి నిలబడ్డారు. ఇంకా పదిహేను నిమిషాలుంది. లేస్తుంటే జేబులో అగ్గిపెట్టె గలగలమన్నది. కాపలా ఉన్నాయన దగ్గరికొచ్చి ఇక్కడ సిగరెట్లు కాల్చకూడదన్నాడు. "సిగరెట్లు గాదు సార్, బోణీ" అన్నారట మా ఆయన. ఆ మాట తన నోటితో తనే విన్నాక తల్లి చెప్పింది గుర్తొచ్చింది. ఎవరన్నా కూర్చున్నారా? జవాబుల పుస్తకం వెనక్కి తిప్పితే మొదటి రెండు పేజీలు తెల్లగా ఉన్నాయి. మళ్లీ కూర్చుని, పెన్ను మూత తీసి ప్రశ్న చదివారు. వ్యవసాయ బావి మీది మోటారుకు స్టార్టరు కలిపే పటం గీసి వివరించమని ఉంది. తండా అక్క బావి దగ్గర తన చేతులతో చేసి వచ్చిన పని. ఆ బావినీ, ఆ గోనెపట్టానూ తలుచుకుంటూ గీస్తూ పోతే, ఆఖరి గీత పడడమూ గంట మోగడమూ ఒక్కసారే అయ్యాయట. అన్నిటికంటే సులువైన ప్రశ్నను మూడు గంటలు పీట మీద కూర్చోబెట్టి వచ్చిన ఘనత మా ఆయనది.

పాసయ్యారు. తర్వాత నోటి పరీక్ష కూడా ఉండింది గాని, మాటలకు వెనకాడే ఇల్లు కాదు మాది. లైసెన్సు కాగితం వచ్చిన వారమే అంగడి రోజు రైసు మిల్లాయన పెద్ద పని పట్టుకుని పొద్దున్నే దిగాడు. వెనకాలే తండా అక్క వచ్చి ఎప్పటిలాగే మెట్టు మీద కూర్చుంది. మా ఆయన మిల్లాయనతో "మీరు జర కూసోండ్రి" అని, గల్లా దాటి బయటికి వచ్చి, మెట్టు మీద ఆమె పక్కనే కూర్చుని ఆమె మోటారు కాగితం తీశారు. "అక్కా, నిన్ను శానా దినాలు కూసోవెట్టిన" అన్నారు. సంతకం పెట్టారు. ఆమె కాగితం పైకెత్తి, వెలుతురుకి పెట్టి చూసి, "గింతేనా సేటూ? గీ గీత కోసమేనా ఆర్నెల్లు?" అన్నది. మా మామ అంత గట్టిగా నవ్వగా నేను మళ్లీ ఎన్నడూ వినలేదు. బిందెలతో మోసి ఆమె బతికించుకున్నది సగం తోటే. ఆ సగంలో కాసిన మిరపకాయలు ఒక చిన్న సంచి తెచ్చి ఇచ్చింది. ఆ ఏడాది మా పచ్చడి తిన్న చుట్టాలందరూ ఆమెను తలుచుకుని కన్నీళ్లు పెట్టుకున్నారు.

ఆ సంతకం తర్వాత మా ఆయన చాలా దూరాలు తిరిగారు. ఘనపూర్, భూపాలపల్లి, కాటారం, ఆఖరికి మహదేవపూర్ దాకా పోయి వైరింగు చేసి వచ్చారు. అక్కడి నుంచి కాళేశ్వరం గంట దారి కూడా కాదని అందరికీ తెలుసు. ఆయన వెళ్లారు, ఆయన పనివాళ్లు వెళ్లారు, మా స్టార్టర్లు కూడా వెళ్లాయి. నేను మాత్రం వెళ్లలేదు. ఒకసారి పిల్లల పరీక్షలు, ఒకసారి మామ జబ్బు, ఒకసారి వానలు. అడగడం మానేసి చాలా ఏళ్లయింది. మరిచిపోయారనుకుని, ఆ కోపాన్ని అప్పుడప్పుడు కూరలో కారంగా వేస్తూ వచ్చాను.

మొన్న ఎలక్ట్రీషియన్ వెళ్లిపోయాక, ఊరికే ఆటపట్టిద్దామని అడిగాను. "దుకాణం మూతేసే వయసొచ్చింది. ఎవలన్న కూసున్నరేమో చూస్కున్నరా?"

ఆయన పేపరు మడిచారు. "నువ్వున్నవ్ గదా. కాళేశ్వరం."

నలభై అయిదేళ్లుగా గుర్తుంచుకునే కూర్చోబెట్టారన్నమాట. మరిచిపోయి ఉంటేనే క్షమించేదాన్నేమో. కళ్లు తుడుచుకుని పోయి సంచీ సర్దాను. తెల్లారి బస్సుకు బయల్దేరాలి. సాయంత్రం దేవుడి ముందు ఊదుబత్తి వెలిగించి వెనక్కి తిరిగితే, హాల్లో ఫ్యాను జోరుగా తిరుగుతోంది. ఆ రోజుల్లో ఆయన కట్టేసిన ఫ్యానును ప్రతిసారీ మళ్లీ వేసింది నేనే. మొన్న మాత్రం నేనే వెళ్లి కట్టేశాను, ఈ ఒక్క బత్తి అయినా నెమ్మదిగా కాలనీ అని.