కందుల మూట మీద కెమెరా

డెబ్బైల్లో జగ్గయ్యపేటలో నాకు చిన్న ఫొటో స్టూడియో ఉండేది. నందిగామ దగ్గర పల్లెలో ఒక పెద్దాయన మంచాన పడితే కబురొచ్చింది. ఆయనా, ఆయన భార్యా కలిసి దిగిన ఫొటో ఒక్కటీ లేదట.

ఆయన్ను ఎండలోకి తేలేరు. గది చీకటి. నాకు ఫ్లాషూ లేదు, స్టాండూ లేదు. ఆవిడను ఆయన పక్కన కూర్చోబెట్టి, స్టూలు మీద కందుల మూట వేయించి, మధ్యలో గుంట చేసి, కెమెరాను అందులో కూర్చోబెట్టాను.

"ఊపిరి బిగబట్టండి బాబాయ్ గారూ" అన్నాను. షటర్ నిమిషం సేపు తెరిచి ఉంచాను. అబద్ధమెందుకు, రెండు సెకన్లే.

"అయిపోయిందండీ, వదలండి" అన్నా ఆయనలో చలనం లేదు. గబగబా మంచం దగ్గరికి వెళ్లాను. ఇంతలో దగ్గి, "ఫొటో పాడైపోద్దేమోనని ఆగానయ్యా" అన్నారు.

నేను ఫొటో పట్టుకెళ్లేసరికి ఆయన పోయారు. ఫొటోలో ఆయన చక్కగా పడ్డారు. షటర్ తెరిచి ఉండగానే ఊపిరి ఆగిందేమోనని ఆవిడ కంగారుగా ఆయన వైపు తిరగడంతో, ఆవిడ ముఖం షేకయింది.

"మీరు కదిలారు పిన్నిగారూ" అన్నాను తలదించుకుని.

"పోనీలే నాయనా, ఆయన్నే చూస్తున్నాగా" అన్నారావిడ.

తర్వాత మంచి స్టాండు కొన్నాను. ఎన్నో స్పష్టమైన ఫొటోలు తీశాను. వాటిలో ముఖాలేవీ నాకిప్పుడు గుర్తులేవు. చెదిరిపోయిన ఆ ముఖం మాత్రం గుర్తుంది.