బదులు మేళం

నేను డ్రైవరుగా చేరిన మొదటి రోజే మా మేడం కారెక్కి తన ఫోన్ కారుకు కలిపి ఒక గోల పెట్టింది. ఒకడు గొంతు చించుకుంటున్నాడు, వెనక ఇంకొకడు డ్రమ్ముల మీద పగ తీర్చుకుంటున్నాడు. ఏమిటమ్మా ఇది అని నా కిచిడీ అరబ్బీలో అడిగితే, "అమెరికా బ్యాండ్. ఆల్టర్నేటివ్ రాక్" అంది.

రాక్ సంగతి నాకు తెలీదు. బ్యాండ్ తెలుసు. ఆల్టర్నేటివ్ అంటే అసలుది దొరకనప్పుడు పెట్టుకునేదనీ తెలుసు. కువైట్ రాకముందు రాయచోటి చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు సైడ్ డ్రమ్ము కొట్టినవాణ్ణి. పేరున్న మేళం ఒకే ముహూర్తానికి రెండు పెళ్ళిళ్ళు ఒప్పుకుని చేతులెత్తేస్తే, పెళ్ళివాళ్ళు పరుగెత్తుకొచ్చి పిలిచేది మమ్మల్ని. మాది బదులు మేళం. పాపం, అమెరికాలో కూడా ఇదే బతుకా అని జాలేసింది. ఆ జాలితోనే వినడం మొదలుపెట్టాను.

మేడం షుఐబాలో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. రిగ్గైలో ఇంటి నుంచి పోయేటప్పుడు ఆ బ్యాండ్‌ది ఒక ఆల్బమ్, వచ్చేటప్పుడు ఒక ఆల్బమ్. మొదట్లో ఎవరి షెడ్డులోనో రికార్డు చేసిన కేకలు. తర్వాత ఊరూవాడా పాడుకున్న ఆల్బమ్. ఆ పైన, పేరొచ్చి బుర్ర తిరిగిందో ఏమో, పాట వదిలేసి పాత ఫ్రిజ్ చప్పుడు లాంటిదేదో చేశారు. మేడం కళ్ళు మూసుకుని తలాడించేది. నేను ట్రాఫిక్ చూసుకునేవాణ్ణి.

ఒకరోజు డ్రమ్ము వరస మారినట్టనిపించింది. అడిగాను.

"అవును, పాత డ్రమ్మర్ గొడవపడి వెళ్ళిపోయాడు. డ్రమ్ములు ఎవరైనా వాయిస్తారని సింగర్ ఇంటర్వ్యూలో అన్నాడట" అంది మేడం.

నా కాలు బ్రేకు మీద పడింది. వెనక హారన్లే హారన్లు. మా మేళంలో క్లారినెట్ వాయించే అన్న నన్నన్నదీ అదే మాట. నడి మెరవణిలో, గుర్రమెక్కిన పెళ్ళికొడుకు వింటుండగా, "డ్రమ్ము ఎవురైనా కొడతారు లేబ్బీ!" అన్నాడు. ఒకే కంచంలో తిన్నవాళ్ళం. డ్రమ్ము అక్కడే రోడ్డు మీద దించేసి ఇంటికొచ్చాను. ఆ కోపంలోనే విమానమెక్కాను. తనే ముందు ఫోన్ చేస్తాడని ఇన్నేళ్ళూ చూశాను. చేయలేదు. మనిషి మీద కోపం ఎంతుందో బెంగా అంతే ఉంది.

కొత్త డ్రమ్మర్‌తో ఆ అమెరికావాళ్ళు ఈడ్చి ఈడ్చి చివరికి ఆగిపోయారు. "ఖలాస్" అని మేడం ముఖం వేలాడేసుకుంది. కారులో కొన్నాళ్ళు వార్తలే. నాకూ ఏమీ తోచలేదు.

మొన్న వేసవిలో ఫ్యాక్టరీ గేటు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. "మళ్ళీ కలిశారు! పాత డ్రమ్మర్‌తోనే! కొత్త ఆల్బమ్!"

"ముందు ఎవరు ఫోన్ చేశారు?" అదొక్కటే అడిగాను.

"డ్రమ్మరే. 'ప్రాక్టీసు ఎన్నింటికి?' అన్నాడట. అంతే."

సిగ్గులేనోడు అనుకున్నాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. స్టీరింగ్ పట్టుకున్నా అదే, అన్నం ముందు కూర్చున్నా అదే.

ఆ వారమే మేడం దజీజ్‌లో సోఫాలు చూడ్డానికి దిగింది. ఆ బేరం ఇప్పట్లో తెగదు. ఏసీ ఆపకుండా కూర్చుని మా అన్న నంబరు నొక్కాను. పెళ్ళిచూపులప్పుడు కూడా నాకంత దడ లేదు.

"ఎవురూ?"

"మెరవణి ఎన్నింటికన్నా?"

అవతల ముక్కు చీదుకోవడం వినిపించింది.

"ఎన్నింటికేందిరా? నువ్వు పోయినప్పట్నించీ గుర్రం ఆడ్నే నిలబడుకోనుండాది."

"డ్రమ్ము ఎవురైనా కొడతారంటివి గదన్నా."

"కొట్టిరి లే. శానామందిని పెట్టి సూస్తి. అందురూ బదులోళ్ళేరా."