షబానా చేపలకు నేను వెతికిన తోడు

మా చిన్నప్పుడు... తెలంగాణ సమ్మెతో బడి మూతపడిన రోజుల్లో, పక్కింటి షబానా ఒక గాజు తొట్టిని రెండు చేతులా పట్టుకుని మా గడపలో నిలబడింది. లోపల రెండు గోల్డ్ ఫిష్‌లు. సిరిసిల్లలో వాళ్ళ అమ్మమ్మకు జబ్బు చేసిందని వాళ్ళమ్మ (నేను ఖాలా అని పిలిచేదాన్ని), తనూ బయల్దేరుతున్నారు.

"రెండు రోజులల్ల అస్తం. చిటికెడే మేత ఎయ్యి రజితా" అని పదిసార్లు చెప్పింది. అవి ఉత్త చేపలు కావు మరి... వాళ్ళ నాన్న, తన మాటల్లో అబ్బా, మస్కట్ పోయే ముందు రోజు కొనిచ్చినవి.

రెండు రోజులు కాస్తా వారం దాటాయి. బస్సులు బంద్... వాళ్ళు అక్కడే చిక్కుబడిపోయారు.

ఇక్కడ కోరుట్లలో మాకు మాత్రం రోజూ పండగే! నడిరోడ్డు మీద రాళ్ళ పొయ్యిలు పెట్టి వంటావార్పు... మా అమ్మ పప్పు, ఇంకొకరింటి బగారా అన్నం... అన్ని వాడల వాళ్ళం ఒకే బంతిలో కూర్చుని తిన్నాం. ఆ బంతి భోజనం నా తలకెక్కింది. ఇంటికొచ్చి తొట్టి చూస్తే, పాపం ఇందులో ఇద్దరేనా అనిపించింది.

మర్నాడు కాలువకు పోయి, చున్నీతో వడగట్టి, వేలెడంత చేపపిల్లను తెచ్చి వేశాను. నల్లగా, చురుగ్గా ఎంత ముద్దుగా ఉందో... నా తెలివికి నేనే మురిసిపోయాను.

తెల్లారి చూస్తే పెద్ద గోల్డ్ ఫిష్‌కు సగం తోక లేదు. అడుగున ఓ పక్కకు ఒరిగి ఉంది. షబానాకు ఏ ముఖం చూపించాలి?

కల్లు కోసం తాటిచెట్లు గీసి వచ్చిన మా బాపు, భుజం మీది మోకు దించుతూ తొట్టిలోకి తొంగిచూశాడు.

"గిది కొర్రమట్ట పిల్ల గదనే బిడ్డా! పక్కన దేన్నన్న బతకనిస్తదా గిది?"

ఆ కొర్రమట్ట పిల్లను తీసి చెంబులో వేసి, నన్ను సైకిల్ ఎక్కించుకుని రంగుచేపల శంకరన్న దగ్గరికి తీసుకెళ్ళాడు. బజారంతా బంద్. నా ఏడుపు మొహం చూసి శంకరన్న షట్టర్ మోకాలెత్తు లేపి లోపలికి రమ్మన్నాడు.

"కొంచెం దొడ్డుప్పు కలిపి, దెబ్బ తాకినదాన్ని ఒక్కదాన్నే ఉంచు. రోజు ఇన్ని నీళ్ళు మార్చు. తోక మల్ల అస్తది" అన్నాడు. ఆ తర్వాత గాజు తొట్లు ఒక్కోటి చూపించాడు. "గీ చారల చేపలు తోకలు కొరుకుతయ్. గా ఏంజెల్ చేపకు ఎచ్చటి నీళ్ళు కావాలె. గోల్డుకు గోల్డే జోడి... గది గూడ సైజు చూసి ఎయ్యాలె. తోడు ఉంటే సాలదు బిడ్డా, ఒకదానికొకటి పడాలె."

చేప ఉప్పునీళ్ళలో కోలుకుంటుండగానే, మరో నాలుగు రోజులకు ఖాలా వాళ్ళు వచ్చారు. నేను తలుపు వెనక నుంచే ఏడుస్తూ అంతా చెప్పేశాను. ఖాలా నా కన్నీళ్ళు తుడిచి, "మంచి చేద్దామనే చేసినవ్ గద బేటీ" అంది. షబానా మాత్రం తొట్టి ముందు కూర్చుని ఆ సగం తోకనే చూస్తోంది.

అంతలో మస్కట్ నుంచి ఫోన్. వాళ్ళ అబ్బా అడిగిన మొదటి మాట చేపల గురించే.

షబానా ఒకసారి నావైపు చూసింది. ఉర్దూలోనే అంది, కానీ ఆమాత్రం నాకూ తెలుసు... "రెండూ మంచిగున్నయ్ అబ్బా. రజిత మస్తు మంచిగ చూసుకుంది."

ఇప్పుడు మా పాప ఏ చేపకు ఏది జోడో ఫోన్‌లో వెతికి క్షణంలో చెప్పేస్తుంది. మా అపార్ట్‌మెంట్‌లో ఎదురింటి వాళ్ళ పేరు మాత్రం మాకింకా తెలియదు... షబానా ఇప్పుడు జగిత్యాలలో ఉంది. ఆ రోజు చెప్పలేకపోయాను, ఇక్కడ చెప్తున్నాను... శుక్రియా దోస్త్.

మీ తప్పును కడుపులో పెట్టుకుని మిమ్మల్ని కాపాడిన దోస్తు ఎవరు? కింద వాళ్ళ పేరు రాయండి... చదివి సంతోషిస్తారు.