టేక్ నేర్పిన దస్తగిర్

దస్తగిర్ ఆ ఒక్క మాట నాతో ముందే ఎందుకు చెప్పలేదు? ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

గల్ఫ్‌లోని షినాస్ సైట్‌లో నేను స్టోర్‌కీపర్ని. మా కడపవాడే దస్తగిర్. క్రేన్ కింద నిలబడి, పైనున్న ఆపరేటరుకు చేతులతో సైగలు చేయడం అతడి డ్యూటీ. పద్దెనిమిదేళ్లుగా అదే. ఇంగ్లీషు రాని చైనా వెల్డర్లు ఆరుగురు కొత్తగా వచ్చారు. ఇంగ్లీషులో రాతపరీక్ష పాసైతేనే గేటు కార్డు అని కంపెనీ నోటీసు అంటించింది. పాతవాళ్లకూ అదే రూలు. ఆ చైనావాళ్లకు నేర్పే పని దస్తగిర్ తనంతట తనే నెత్తికెత్తుకున్నాడు. సైట్ మొత్తంలో అతడిలా గడగడా ఇంగ్లీషు మాట్లాడేవాడు లేడు మరి.

భోజనాల వేళ నా స్టోరు ముందే బడి. 'టేక్' దగ్గర వారం ఇరుక్కుపోయారు. దస్తగిర్ తల వెనక్కి వాల్చి, మాత్ర మింగినట్టు నటించి, "టేక్ మెడిసిన్" అనేవాడు. వాళ్ల పెద్ద త్యాన్ అది రాసుకుని, టేక్ అంటే ఇంతేనా అన్నట్టు "ఫినిష్?" అనేవాడు. మర్నాడు "టేక్ రెస్ట్" అంటూ కళ్లు మూసేవాడు. అన్నీ ఒక్కసారే చెప్పకుండా దాస్తున్నాడని త్యాన్‌కు కోపం.

"వాళ్ల భాషలో మందు తింటారంట, బస్సులో కూర్చుంటారంట. మనం మింగుతాం, ఎక్కుతాం. ఈ ఇంగ్లీషోడు మాత్రం అన్నీ తీసుకుంటాడు! అంత బస్సు తీసుకొని యాడ పెట్టుకుంటాడన్నా?" అని దస్తగిర్ నా మీద ఎగిరేవాడు.

"ఆ గంతులు మాని బోర్డు మీద రాయవయ్యా!" అని నేను సుద్దముక్క ఇస్తే త్యాన్ చేతిలో పెట్టేసేవాడు.

పరీక్షలో ఆరుగురూ పాసయ్యారు. దస్తగిర్ మాత్రం సంతకం పెట్టి తెల్లకాగితం ఇచ్చి వచ్చాడు. చదవడం రాదట!

"ముందురోజు అడిగితే నోటితోనే పరీక్ష పెట్టేవాళ్లు కదా! పేర్ల లిస్టు పంపింది నేనే. నాతో చెప్పడానికి నీకేం నొప్పి?"

"వాళ్లు పాసైనారు గదన్నా" అన్నాడు, హెల్మెట్ దుమ్ము తుడుస్తూ.

కార్డు లేదు కాబట్టి అతణ్ణి ఎక్కడో దూరాన ఉన్న రూవి గోడౌన్లో మూటలు మోసే పనికి మార్చారు. మర్నాడు ఆఫీసులో గంటసేపు బతిమాలి, నోటి పరీక్షకు ఒప్పించుకుని పరుగున బయటికొచ్చాను. అప్పటికే పికప్ గేటు దాటుతోంది. ఒళ్లో సంచి పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. దస్తగిర్, దస్తగిర్ అని గొంతు చించుకున్నాను. తల తిప్పలేదు.