తొమ్మిది గడపల నీళ్లు

జేబెజ్ ఆల్డర్సన్‌కి ఉన్నది ఒకటే జబ్బు. గుమ్మం కనబడితే నీళ్లడుగుతాడు. తనకి కాదు, హెప్సిబాకి. హెప్సిబా అంటే ఆయన భార్య అనుకునేరు. పది టన్నుల ఆవిరి రోడ్డు రోలరు. ఆయన పెళ్లే చేసుకోలేదు. చేసుకుని ఉంటే ఆ ఇల్లాలికి మాత్రం ఇంత శ్రద్ధగా నీళ్లు మోసేవాడు కాదని లోయలో ఆడవాళ్ల నమ్మకం.

నాకాయన దారిలో దొరికాడు. ఆ మాటకొస్తే నాకు మనుషులంతా దారిలో దొరికినవాళ్లే. యార్క్‌షైర్ కొండల్లో ప్రార్థనామందిరాల్లో, ఇళ్లల్లో హార్మోనియాలు బాగుచేస్తూ నలభై ఏళ్లు తిరిగాను. తిత్తుల చిల్లులకి అతుకులు వేయడం, ఏ ఇంట్లో పుస్తకాల బీరువా ఉంటే ఆ ఇంట్లో పని కాస్త నెమ్మదిగా చేయడం నా పద్ధతి. యుద్ధం అయిపోయి పదేళ్లయిందనుకుంటాను, ఒక మార్చి ఉదయం కిర్క్‌గిల్ నుంచి స్కార్టన్‌కి నడుస్తున్నాను. ముందు పొగ కనిపించింది, పొగ కింద చప్పుడు వినిపించింది, చప్పుడు కింద హెప్సిబా ఉంది. నాలుగు అంగల్లో దాన్ని దాటేశాను.

“ఎక్కవయ్యా, స్కార్టన్‌లో దింపుతాను” అన్నాడు పైనుంచి. మొహమంతా మసి, మసి మధ్యలో తెల్లటి మీసం.

“వద్దండీ, నేను తొందరగా వెళ్లాలి” అన్నాను.

“అదీ నిజమే. తొందరున్నవాళ్లు నడవాల్సిందే” అన్నాడు, ఏమాత్రం నొచ్చుకోకుండా.

అంతలో వాన అందుకుంది. ఎక్కాను. స్కార్టన్ ఏడు మైళ్లు. మర్నాడు సాయంత్రానికి చేరాం.

తప్పు హెప్సిబాది కాదు. మొదటి అయిదు మైళ్లూ బుద్ధిగా నడిచింది. ఆఖరి రెండు మైళ్లూ కొండ ఎక్కుడు. ఆ ఎక్కుడు పొడుగునా ఎవరో విసిరేసినట్టు తొమ్మిది ఇళ్లున్నాయి. తొమ్మిదింటి దగ్గరా ఆగింది.

మొదటి గడప టాబితా ఇబట్సన్ మామ్మది. ఎనభై ఒకటో ఏడు. జేబెజ్ టోపీ తీసి, హెప్సిబా గొంతు ఎండిపోతోందని, ఒక్క బకెట్ నీళ్లిప్పిస్తే పుణ్యముంటుందని విన్నవించుకున్నాడు. మామ్మ బకెట్ తెచ్చింది. ఆయన దోసిట్లో నీళ్లు తీసుకుని, నోట్లో పోసుకుని, కళ్లు మూసుకుని, పుక్కిలించి, చాలాసేపు ఆలోచించాడు.

“సున్నం” అన్నాడు చివరికి. “పోయినసారికన్నా ఎక్కువైంది. అమ్మా, మీరు తాగేది టీ కాదు, గోడ.”

“ఎనభై ఏళ్లుగా తాగుతున్నాను. ఇంకా నిలబడే ఉన్నాను.”

“గోడ తాగితే నిలబడక ఏం చేస్తారు?”

అక్కడితో అయిపోతుందనుకున్నాను. కానీ మామ్మ, ఈ యంత్రం ఎలా నడుస్తుందో పోయినసారి చెప్పావు గానీ నా బుర్రకెక్కలేదు నాయనా, అంది. ఇక చూడండి. జేబెజ్ లోపలికొచ్చి, పొయ్యి పక్క కుర్చీలో కూర్చుని, ఉడుకుతున్న కెటిల్ వైపు వేలు చూపించాడు.

గ్లాసు నీళ్లు ఆవిరైతే పదహారు వందల గ్లాసుల చోటు కావాలంటుందట. చోటివ్వకుండా ఇరుకు గొట్టంలో పెడితే, ఇరుకింట్లో పెట్టిన అత్తగారిలాగే, ఎటు సందుంటే అటు తోస్తుంది. ఆ తోసిన చోట కదిలే మూత ఒకటి పెడితే అది పిస్టన్. ముందుకు తోశాక, ఒక కవాటం పక్కకి జరిగి ఆవిరిని అవతలి వైపుకి పంపుతుంది, పిస్టన్ వెనక్కొస్తుంది. దానికో కడ్డీ, కడ్డీకో చక్రం. “ఇంతేనమ్మా. మొదట్లో ఇంత తెలివి కూడా లేదు. మీరు వేడివేడి జామ్ సీసాలో పోసి మూత బిగిస్తే, చల్లారాక మూత లోపలికి గుంజుకుంటుందే, మొదటి యంత్రాలు అలా నడిచేవి. గనుల్లో నీళ్లు తోడింది ఆ గుంజుడే.”

ఇంతే అన్నాడు గానీ ఇంత చెప్పడానికి గంటా పది నిమిషాలు, మూడు టీలు, ఓట్ కేకులు అరడజను పట్టాయి.

ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. నేనూ అక్కడా ఇక్కడా చదివాను. బొగ్గు గనుల్లో నీళ్లు నిండితే తోడటానికి ఈ యంత్రం పుట్టింది. తోడిన గనిలో బొగ్గు తవ్వి మళ్లీ దీని నోట్లోనే పోశారు. తర్వాత మిల్లులకెక్కింది, తర్వాత పట్టాలకెక్కింది. రైలు రాకముందు ఈ దేశంలో ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిదే. లండన్‌లో పన్నెండైతే పడమటి ఊళ్లలో ఇంకా పది నిమిషాలు తక్కువే. అందరికీ ఒకే గంటకి ఆకలేసేలా చేసింది ఆవిరి. ఇది నేను చెబితే జేబెజ్ తలూపి, మామ్మతో, “మీ లోయ పిల్లల్ని పట్నం మిల్లులకి లాక్కెళ్లింది కూడా ఇదే ఆవిరమ్మా. మళ్లీ సిగ్గులేకుండా వచ్చి మీ ఇంటి ముందే నీళ్లడుగుతోంది” అన్నాడు. మామ్మ ఇంకో ఓట్ కేకు పెట్టింది.

తర్వాతి గడప డిన్స్‌డేల్ అక్కచెల్లెళ్లది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, ఏడేళ్లుగా మాటల్లేవు. అందుకని ఆవిరియంత్రం అక్కకి ముందు గుమ్మంలో ఒకసారి, చెల్లెలికి వెనక గుమ్మంలో ఒకసారి. ఆఖరి గడప రూబెన్ కౌలింగ్ అనే ముసలి గొర్రెలకాపరిది. బొత్తిగా చెవుడు, మోకాళ్లు పనిచేయవు. ఆయనకి తలుపు తడితే వినబడదు. హెప్సిబా దగ్గరికొస్తే నేల అదిరి అలమారులో కప్పులు ఊగుతాయి, అది చూసి తలుపు తీస్తాడు. ఆయనకి ఆవిరియంత్రం చేతులతో చెప్పాలి. జేబెజ్ పిస్టన్ అయ్యాడు, కవాటం అయ్యాడు, చివరికి చక్రమై గదంతా తిరిగి బల్లకి కొట్టుకున్నాడు. రూబెన్ నవ్వలేక చచ్చాడు.

మీకు ఒక సంగతి చెప్పడం మరిచాను. ఆ రోడ్డు పక్కనే, రెండు గజాల దూరంలో, ఏడు మైళ్ల పొడుగునా ఏరు పారుతుంది. కొండమీంచి దిగిన నీరు, చుక్క సున్నం ఉండదు. హెప్సిబా పక్కన రబ్బరు గొట్టం చుట్టచుట్టి వేలాడుతుంటుంది. దాన్ని ఏట్లో పడేసి ఒక మర తిప్పితే ఆవిరే నీళ్లు పైకి గుంజుతుంది. పది నిమిషాల్లో టాంకు నిండుతుంది.

“మరి ఇళ్లెంబడి అడగడం ఎందుకండీ?” అన్నాను.

“ఏటి నీళ్లు మరీ చల్లన. దీనికి జలుబు చేస్తుంది.”

సరేలే అనుకున్నాను. కానీ మామ్మ ఇల్లు దాటి మలుపు తిరగ్గానే ఆమె ఇచ్చిన బకెట్ నీళ్లు తీసుకెళ్లి పక్క కాలవలో పోశాడు. అడిగితే, ఆ సున్నానికి బాయిలరు గొట్టాలు పూడిపోతాయన్నాడు. పారబోసేవారు ఎందుకడిగారని అంటే ఈల వేశాడు. పిచ్చి అని తేల్చుకుని నా హార్మోనియాల దారిన నేను పోయాను.

ఆ శరత్కాలంలో మళ్లీ కిర్క్‌గిల్ వెళ్లేసరికి రోడ్ల ఆఫీసుకి కొత్త సూపర్వైజరు వచ్చి ఉన్నాడు. పేరు టాటర్సల్. సన్నటి మనిషి, చేతిలో అట్ట, అట్టకి ఫారం, చెవిలో పెన్సిలు. ఏడు మైళ్లకి రెండు రోజులేమిటని ఆయన బాధ. డీజిలు రోలరు తెప్పిస్తాననీ, దానికి నీళ్లే అక్కర్లేదనీ జేబెజ్‌కి నచ్చజెప్పాడట.

“నీళ్లే అక్కర్లేకపోతే గుమ్మం ముందు ఏమని ఆగుతుందండీ?” అన్నాడట జేబెజ్.

ఇది జవాబు కింద రాసుకోవడానికి ఫారంలో గడి లేదు. అందుకని టాటర్సల్ ఒక పరీక్ష పెట్టాడు. తొమ్మిదింటికి కిర్క్‌గిల్‌లో బయలుదేరి, ఎక్కడా ఆగకుండా, పన్నెండు లోపల స్కార్టన్ చేరాలి. చేరితే హెప్సిబా ఉంటుంది, ఇకమీదట ఇలాగే ఆగకుండా నడవాలి. ఆగిందా, పాత ఇనుము కింద విరగ్గొట్టేస్తారు.

ఆ ఉదయం జేబెజ్ ఏట్లో గొట్టం పడేసి టాంకు నింపాడు. టాటర్సల్ బొగ్గు మీద రుమాలు పరుచుకుని కూర్చున్నాడు. నేను మెట్టు పట్టుకుని నిలబడ్డాను. అయిదు మైళ్లలో జేబెజ్ ఆవిరి గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. నాకు భయమేసింది.

ఎక్కుడు మొదలైంది. హెప్సిబా చప్పుడు రెండు మైళ్ల దూరానికి వినబడుతుంది కదా, ఇబట్సన్ మామ్మ అప్పటికే బకెట్‌తో గేటు దగ్గర నిలబడి ఉంది. జేబెజ్ ముందుకే చూస్తూ, “ఆగలేనమ్మా, పరీక్ష” అన్నాడు.

“నిన్నెవరాగమన్నారు? నువ్వు నడుపు. నేను నడుస్తాగా.”

నడిచింది. ఎక్కుడులో హెప్సిబాకన్నా మామ్మే వేగం. మాటిమాటికీ నిలబడి మా కోసం చూడాల్సివచ్చింది. మామ్మ టాటర్సల్‌ని ఎగాదిగా చూసి, మీరెవరు నాయనా అంది. ఆయన చెప్పాడు. చెప్పి, టాంకులో పుల్ల ముంచి తీసి తడి చూపించాడు. సగానికి పైనే ఉంది.

“చూడండి, ఈ యంత్రానికి మీ నీళ్లు అవసరం లేదు” అన్నాడు.

“తెలుసు. మలుపు తిరగ్గానే కాలవలో పోస్తాడు. నా మేడమీది కిటికీలోంచి కనబడుతుంది.”

జేబెజ్ చెవులు మసిలోంచి ఎర్రబడ్డాయి.

“మరి ఎందుకిస్తారు?”

“అడుగుతాడు గనక.” మామ్మ బకెట్ చెయ్యి మార్చుకుంది. “ఇది ఎలా నడుస్తుందో మీకు తెలుసా? తెలీదూ? గ్లాసు నీళ్లు పదహారు వందల గ్లాసుల ఆవిరవుతుంది. దాన్ని ఇరుకులో పెడితే పిస్టన్‌ని తోస్తుంది. కవాటం జరిగి అవతలికి పంపిస్తే వెనక్కొస్తుంది. మొదట్లో అయితే జామ్ సీసా మూతలాగా చల్లార్చి గుంజేవాళ్లు, గనుల్లో.” ఊపిరి తీసుకోకుండా చెప్పింది.

“మీకు అంతా వచ్చే!” అన్నాడు టాటర్సల్.

“ఎక్కడొచ్చింది? ఆ కవాటం దగ్గర ఇంకా సందేహమే. మళ్లీ చెప్పించుకోవాలి.”

టాటర్సల్ పెన్సిలు చెవిలోంచి తీసి మళ్లీ చెవిలోనే పెట్టుకున్నాడు.

రెండో గేటు దగ్గర డిన్స్‌డేల్ అక్కచెల్లెళ్లు చెరో పక్కా పట్టుకుని ఒకే బకెట్‌తో రోడ్డెక్కారు. కొంతదూరం పోయాక అక్క, “నువ్వు ఒలకబోస్తున్నావ్” అంది. ఏడేళ్ల తర్వాత మొదటి మాట. చెల్లెలు తక్షణం ఏడేళ్ల జవాబు మొదలుపెట్టింది. మూడో గేటు, నాలుగో గేటు. ఎవరింటి ముందు వాళ్లు బకెట్‌తో కలిశారు. ఒకే రోడ్డు మీద ఉంటూ ఒకరి మొహం ఒకరు చూసి ఏడాదులైన మనుషులు. నీ నడుము ఎలా ఉంది, నీ పిల్లి చచ్చిందట కదా, అంటూ కబుర్లు. ఊరేగింపు ముందు హెప్సిబా, ఏనుగులాగా.

తొమ్మిదో గేటు దగ్గర ఎవరూ లేరు. రూబెన్ రాలేడు కదా. హెప్సిబా ఆగకుండా దాటింది. ఆ ఒక్కచోట మాత్రం జేబెజ్ తల తిప్పి వెనక్కి చూశాడు.

పదకొండూ యాభైకి స్కార్టన్ చేరాం. ముసలివాళ్లంతా ప్రార్థనామందిరం అరుగు మీద చతికిలబడి, తెచ్చిన నీళ్లు తామే తాగడం మొదలుపెట్టారు. టాటర్సల్‌కీ బొగ్గు దుమ్ముకి గొంతు పట్టేసినట్టుంది. మామ్మ బకెట్‌లోంచి ఒక గ్లాసు తాగాడు. తాగి, కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించాడు.

“సున్నం” అన్నాడు.

తర్వాత ఆయన ఫారం నింపడం నేను భుజం మీదుగా చదివాను. పక్కన ఏరు హోరెత్తి పారుతుండగా, గుండ్రటి అక్షరాలతో రాశాడు: ‘ఈ మార్గమున నీటి కొరత తీవ్రము. ఎక్కుడులో తొమ్మిది చోట్ల ఆగక తప్పదు. డీజిలు యంత్రము ఈ మార్గమునకు పనికిరాదు.’ ఆ కాగితం ధర్మాన హెప్సిబా మరో ఆరేళ్లు ఆ రోడ్డు మీదే తిరిగింది.

“ఆల్డర్సన్, మీరు నెగ్గారు” అని టాటర్సల్ తలెత్తేసరికి బండి మీద జేబెజ్ లేడు. ఖాళీ బకెట్ పట్టుకుని, వచ్చిన దారినే దిగిపోతున్నాడు.

“నీళ్లకయితే ఏరు ఇటుందండీ” అని నేను కేకేశాను.

“రూబెన్ కప్పులు ఊగి ఉంటాయి” అన్నాడు, వెనక్కి తిరక్కుండానే. హెప్సిబా మీద వెళ్లొచ్చుగా అని నోటిదాకా వచ్చింది గానీ అడగలేదు. వస్తానని కూడా అనకుండా, బకెట్ ఊపుకుంటూ మలుపు తిరిగాడు. తొందరున్న మనిషి కదా, నడిచే వెళ్లాడు.