రెండు పేర్లు రాసిన రిపోర్టు

మొయినాబాద్‌లో మా ఇంటి వెనక బోరు వేస్తున్నారు. తలుపులు మూసినా ఆ దడదడ ఆగడం లేదు. మా ఆవిడ విసుక్కుంటోంది. నాకు మాత్రం ఎం.ఆర్.ఐ. గది, దాని అద్దం వెనక కూర్చున్న శకుంతల మేడం గుర్తొస్తున్నారు. అప్పట్లో చేవెళ్ల స్కానింగ్ సెంటర్‌లో నేను టెక్నీషియన్‌ను, ఆమె స్కాన్ బొమ్మలు చూసి రిపోర్టు రాసే రేడియాలజిస్టు. డాక్టర్లు పంపిన చీటీని బోర్లా పెట్టి, ముందు బొమ్మలు చూడడం ఆమె పద్ధతి. "చీటీ చదివినంక కన్ను గదే ఎతుకుతది, నారాయణన్న" అనేవారు.

షాబాద్ నుంచి సాల్మన్ తన తల్లి మార్తమ్మను తీసుకువచ్చిన రోజు నా డైరీలో ఉంది; తీసి చూడనక్కర్లేదు. టమాట తోటలో పనిచేస్తుండగా ఆమెకు మాట తడబడిందట. స్కాన్ అయ్యాక లేచి కూర్చుని, "గిదేం మిషనయ్యా, నెత్తి రోట్ల వెట్టి దంచినట్టున్నది!" అంది.

మెదడులో గడ్డ ఉంది. అది ఏ గడ్డ అన్నదే తేలలేదు. గడ్డ వెలిగి కనబడేలా నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసిన బొమ్మల్లో గ్లియోబ్లాస్టోమా అనే క్యాన్సర్ గడ్డ సాధారణంగా నడుమ నల్లగా, అంచు తెల్లగా కనిపిస్తుంది. లింఫోమా అనే మరో రకం క్యాన్సర్ నిండుగా వెలుగుతుంది. మార్తమ్మ గడ్డ నిండుగానే ఉంది, ఒక మూల మాత్రం నలుపు. మొదటిదైతే వీలైనంత కోసి తీయాలి. రెండోదైతే ముఖ్యంగా మందులతోనే వైద్యం. మేడం గడ్డలో నీటి కదలికను చూపే బొమ్మలు కూడా పరిశీలించారు. అవి లింఫోమా వైపు మొగ్గాయి గాని తేల్చి చెప్పలేదు. రిపోర్టులో రెండు పేర్లూ రాశారు.

సాల్మన్‌కు కోపం వచ్చింది. "రెండు పేర్లేంది మేడం, లాటరీ తీస్తున్నమా? ఒక్కటి చెప్పుండ్రి, రేపే ఆపరేషన్ చేపిస్త."

"తొందరల ఒక్కటి చెప్తే నష్టం మీ అమ్మకు. సూదితోని గడ్డల జర ముక్క తీసి చూడనియ్యి."

అతని చేతిలో మెదడు వాపు తగ్గడానికి సర్జన్ రాసిన స్టెరాయిడ్ మాత్రలు ఉన్నాయి, ఇంకా మొదలుపెట్టలేదు. మేడం వెంటనే సర్జన్‌కు ఫోన్ చేశారు. లింఫోమా అయితే ఆ మాత్రలకే గడ్డ తగ్గి, ముక్క తీసినా జబ్బు దొరక్కపోవచ్చు. మనిషి స్పృహలో, స్థిరంగా ఉంది కనుక పరీక్ష అయ్యేదాకా ఆపుదామని సర్జన్ ఒప్పుకున్నారు. మేడం బయటికి వచ్చి సాల్మన్ పక్కన బెంచీ మీద కూర్చున్నారు.

"నాకు ఇంకా తెల్వది బిడ్డా. తెలిసేదాంక ఎప్పుడన్న ఫోన్ చెయ్యి, ఎత్తుత."

ముక్క పరీక్షలో లింఫోమా అని తేలింది. పెద్ద ఆపరేషన్ తప్పింది. మందులు పూర్తయ్యాక మార్తమ్మ మళ్ళీ వచ్చింది, తల మీద జుట్టు లేకుండా, నోటినిండా మాటలతో. "మల్ల గా గొట్టంల పండవెడ్తే లేచి తంత!" అని నన్ను బెదిరించింది. ఆ బొమ్మల్లో గడ్డ కనిపించలేదు. మేడం చాలాసేపు చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఇప్పుడు మేడం లేరు. ఊళ్ళవాళ్ళు రిపోర్టులు పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. మొన్న శంకర్‌పల్లి నుంచి ఒకామె తన భర్త రిపోర్టు తెచ్చి, "భయం లేదు గదా అన్నా?" అని నా ముఖంలోకి చూసింది.

"నాకు తెల్వదమ్మా" అన్నాను. చెప్పులు వేసుకుని ఆమెతో డాక్టర్ దగ్గరికి బయలుదేరాను.