పసుపు పెట్టిన చేయి

మణుగూరు దగ్గర జింకల పార్కులో రూప్లి గడ్డి వేసే పని చేస్తుంది. తండాలో ఆవు ఈనితే దూడ బొడ్డుకు పసుపు అద్దడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మొన్న పొద్దున చుక్కల జింక ఈని, పిల్లను గడ్డిలో దాచి మేతకు పోయింది. ఆ పచ్చి బొడ్డు చూసి రూప్లికి మనసాగలేదు. దూడైనా జింకైనా పసిగుడ్డే కదా అనుకుని, ఒడిలోకి తీసుకుని ఇంత పసుపు అద్దింది.

తల్లి తిరిగొచ్చి పిల్లను వాసన చూసింది. తల విదిలించి పక్కకు జరిగింది. కాళ్ళ దగ్గర వణుకుతున్న పిల్లను వదిలేసి, పిల్ల కోసమే గడ్డంతా వెతకసాగింది.

"ఎవరు ముట్టుకున్నరు? వేరే వాసన తగిలితే తల్లి పాలియ్యదు," అన్నాడు పిల్లను చూడ్డానికి వచ్చిన పశువుల డాక్టరు.

"నేనే సార్. మంచిగుంటదని పసుపు పెట్టిన," అంది రూప్లి.

సీసా పాలకు పిల్ల నోరు తెరవలేదు. మర్నాడు కన్ను మూసింది.

ఆదివారం జనం వచ్చారు. కంచె దగ్గర ఒకామె రూప్లిని అడిగింది: "ఆ జింక ఏంది, గట్ల అరుస్తంది?"

"పిల్లను పిలుస్తందమ్మా."

"అవునా, ఏడుంది పిల్ల?"

ఎంత తోమినా పసుపు వదలని చేతులను రూప్లి కొంగులో దాచుకుంది.